అమ్మీ దాచిన అడుగులు

మా అమ్మీకి 78 ఏళ్లు. కడపలో మా తమ్ముడి వద్ద ఉంటున్నారు. మేము కర్నూలులో మదరసా బోధనలో ఉన్నందున నెలకోసారి మాత్రమే ఆమె దర్శనం చేసుకోగలుగుతాము. గత ఏడాది ఒకసారి ఆమె మోచేతి మీద కమిలిన మచ్చ కనిపించింది. "తలుపు తగిలింది బేటా" అన్నారు. ఆ మాట నమ్మినా మనసు నిలవక వైద్యుని వద్దకు తీసుకువెళ్లాము.

కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోమన్నారు వైద్యుడు. 1991 నుండి ప్రపంచమంతటా వాడుకలో ఉన్న పరీక్ష ఇది. దీనికి 12 సెకన్లు, లేదా అంతకు మించి పట్టిన వృద్ధులు పడిపోయే ప్రమాదం ఉందని సాధారణంగా భావిస్తారు. అమ్మీ 11 సెకన్లలోనే ముగించారు. మేము ఊరట చెందాము.

బెంగళూరులో ఫిజియోథెరపీ చదువుతున్న మా తమ్ముడి కుమారుడు మాత్రం ఒప్పుకోలేదు. "దాదీ నడవగలరని ఆ పరీక్ష చెప్పింది. ఇంట్లో ఎలా నడుస్తున్నారో చెప్పలేదు కదా పెదనాన్నా!" అన్నాడు. సెలవులకు వచ్చినప్పుడు నడుముకు కట్టుకునే చిన్న సెన్సరు ఒకటి తెచ్చాడు. దానిలో రెండు భాగాలు ఉంటాయట. ఒకటి శరీర వేగంలోని హెచ్చుతగ్గులను, రెండవది శరీరం తిరిగే తీరును సెకనుకు అనేక మార్లు నమోదు చేస్తాయి. అడుగులు సమంగా పడుతున్నాయా, లేవడానికి ఎంత సమయం పడుతోంది, మలుపు వద్ద తడబాటు ఉందా అన్నది వాటి నుండి లెక్కగడతారు. మనిషి పడిన తరువాత కబురు పంపే చేతి గడియారాలు 2018 నుండి బజారులో ఉన్నాయి. ఇది పడకముందే ప్రమాదాన్ని పసిగట్టే ప్రయత్నం.

"నేను ఎప్పుడు నిద్రపోయానో కూడా మీకు చెబుతుందా?" అని అమ్మీ అడిగారు. ఇతరుల గుట్టు వెతకరాదన్న ఖుర్ఆన్ ఆదేశం, హుజురాత్ సూరా 12వ ఆయతు, మాకు గుర్తుకు వచ్చింది. ఏడు రోజులే కట్టుకుంటానని, ఆ వివరాలు ఇంటి గడప దాటరాదని ఆమె షరతు పెట్టారు. మేము అంగీకరించాము.

పగటి నడక సమంగానే ఉంది. కానీ ప్రతి రాత్రీ ఫజ్ర్‌కు ముందు, తహజ్జుద్ కోసం లేచిన వేళ, తొలి అడుగులు చెదిరి ఉన్నాయి. సజ్దా నుండి నిలబడటానికి పగటికంటే చాలా ఎక్కువ సమయం పట్టింది. యంత్రం వేళను మాత్రమే చూపింది. కారణం చెప్పలేదు. అది అమ్మీయే చెప్పాలి.

పక్కన కూర్చుని అడిగితే నిజం బయటపడింది. కోడలి నిద్ర చెడుతుందని ఆమె దీపం వేయరు. చీకటిలోనే పెరటి కుళాయి వద్దకు వెళ్లి వుజూ చేస్తారు. అక్కడ పరిచినవి నున్నటి కడప బండలు. ఎండకాలం చల్లగా ఉంటాయి గానీ, తడిస్తే కాలు నిలవదు. ఆమె రెండుసార్లు జారారు. మోచేతి మచ్చ తలుపుది కాదు. "చెబితే నా తహజ్జుద్ మాన్పిస్తారని చెప్పలేదు బేటా" అన్నారు.

మేము సిగ్గుపడ్డాము. అనారోగ్యంతో ఉన్న ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు దైవప్రవక్త (సఅసం) నిలబడలేకపోతే కూర్చుని, అదీ కాకపోతే పక్కకు ఒరిగి నమాజు చేయమని బోధించిన హదీసు బుఖారీలో ఉంది. దానిని ఏటా విద్యార్థులకు బోధిస్తున్నాము. కన్నతల్లికి మాత్రం ఒక్కసారీ వినిపించలేదు. ఆమె భయపడింది చీకటికి కాదు, మా నిషేధానికి.

ఆ వారంలోనే పెరట్లో గరుకు బండలు వేయించాము. గోడకు పట్టుకునే కడ్డీ, వుజూకు పీట, దారిలో చిన్న దీపం అమర్చాము. లేవగానే కొద్దిసేపు మంచం అంచున కూర్చోమన్నాము. హఠాత్తుగా లేస్తే వృద్ధులలో రక్తపోటు పడిపోయి కళ్లు తిరగవచ్చు. కంటి పరీక్ష కూడా చేయించాము. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరిశోధకులు వృద్ధాశ్రమాలలో చూపు లోపానికీ పడిపోవడానికీ గల సంబంధాన్ని పరిశీలించారు. నడుముకు కట్టిన సెన్సరు కంటి శుక్లాన్ని చూడలేదు, తడి బండనూ చూడలేదు.

పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా దాదాపు 6,84,000 మంది మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఒంటెను కట్టివేసి ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త బోధ మన ఇళ్లలోని వృద్ధుల విషయంలోనూ వర్తిస్తుంది. సెన్సరు అందరికీ దొరకకపోవచ్చు. కానీ ఒక రాత్రి మేలుకొని అమ్మ నడిచే దారిలో నడిచి చూడటం ప్రతి కుమారునికీ సాధ్యమే. ఆమె నిజం చెప్పగలిగేలా, చెప్పినందుకు ఏదీ కోల్పోనని నమ్మేలా మసలుకోవడం మన బాధ్యత.

అమ్మీ తహజ్జుద్ మానలేదు. రెండు రకాతులు నిలబడి, మిగిలినవి కూర్చుని చేస్తున్నారు. తల్లిదండ్రుల వృద్ధాప్యంలో వారికి ఆసరాగా నిలిచే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.