బడికి పలకనిచ్చిన ఊరు

చిన్నప్పుడు 'అ ఆ'లు దిద్దిన రాతి పలక గుర్తుందా? తిప్పితే వెనక ఏబీసీడీలు! దేశంలోని ఎన్నో బడులకు అలాంటి పలకల్ని పంపిన ఊరు మార్కాపురం. గుంటూరు నుంచి గిద్దలూరు వెళ్లే రైలుదారిలో వస్తుంది.

చుట్టుపక్కల గనుల్లో తవ్విన పలకరాయిని ఉలితో పొరలుగా చీలుస్తారు. కొలతకు కోసి, నునుపు చేసి, చుట్టూ చెక్క బిగిస్తే పలక సిద్ధం. చెప్పినంత తేలిక కాదది. రాతిధూళి పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న కార్మికులెందరో. బడికి వెళ్లాల్సిన పిల్లలూ ఒకప్పుడు ఈ పనిలోనే మగ్గారు. ఊరూరి పిల్లలకూ పలకలు చేసిన ఆ చిట్టిచేతులకు మాత్రం అక్షరం అందలేదు!

నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక గిరాకీ తగ్గింది. అదే రాయి ఇప్పుడు గోడలకు, నేలకు అలంకారంగా విదేశాలకు వెళుతోంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత చదువు హక్కని 2009 చట్టం చెప్పింది. పలక చేసిన ఇంట్లోనూ పలక పట్టే పిల్లలుంటేనే ఆ రాయికి విలువ.