ఫ్లాపీ రౌటరూ, దూలం మార్పిడీ

1.44 ఎంబీ అంటే ఇప్పుడు సెల్‌ఫోన్లో తీసిన ఒక్క ఫోటో కూడా సరిగ్గా పట్టదు కదండీ. అమలాపురంలో మా బాబాయి నెట్ సెంటర్లో సిస్టమ్స్ అన్నిటికీ ఒకే డయలప్ లైను పంచింది ఒక ఫ్లాపీయే. లినక్స్ రౌటర్ ప్రాజెక్ట్. హార్డ్ డిస్క్ అక్కర్లేదు, అంతా ర్యామ్‌లోనే. కరెంటు పోయి వస్తే మళ్ళీ ఫ్లాపీ నుంచి శుభ్రంగా లేచేది. మా కోనసీమ కరెంటుకి సరిపోయే సరుకు!

సెంటర్ ఎప్పుడో మూసేశారు గానీ ఫ్లాపీని బాబాయి పారెయ్యనివ్వలేదు. మొన్న దాని ఇమేజ్ తీసి, వర్చువల్ మెషీన్లో పెట్టి, ఎస్ఎస్‌హెచ్ ఎక్కిద్దామని కూర్చున్నా. నాకు దొరికింది జీలిబ్‌సీ 2.1 (1999 నాటిది) కోసం కంపైల్ చేసింది. ఇందులో ఉన్నది 2.0.7. అసలు చిక్కు ఇక్కడే. షెల్ దగ్గర్నుంచి అన్నీ ఆ లైబ్రరీ మీదే బతుకుతాయి. లైబ్రరీ, దాని లోడరు జంటగా మారాలి. ఒకటి మార్చి రెండోదాని దగ్గరకెళ్ళేలోపు కాపీ కమాండే చచ్చిపోవచ్చు! ఇంట్లో జనం ఉండగా దూలం మార్చినట్టన్నమాట. అందుకని రూట్ ప్యాకేజీని (అదీ జిప్ చేసిన టార్ ఫైలే) వేరే మెషీన్లో విప్పి, రెండూ మార్చి, మళ్ళీ కట్టా.

లేచింది. కాకపోతే కొత్త లైబ్రరీ లావు. 1680 కేబీకి ఫార్మాట్ చేసినా చాలక ఇంకో ప్యాకేజీ పీకాల్సొచ్చింది. ఈ ప్రాజెక్టుకి వారసుడైన లీఫ్‌లో తర్వాత యూసీలిబ్‌సీ వాడారు. అది చిన్నదే, కానీ ప్రతి ప్రోగ్రామూ మళ్ళీ కంపైల్ చేసుకోవాలి.

"ఆ ఎస్ఎస్‌హెచ్ లేకపోతే పాతదే చాలు కదరా?" అన్నాడు బాబాయి. చాలు. అసలు ఫ్లాపీకి రైట్ ప్రొటెక్ట్ తిప్పి ఇచ్చేశా.