పిడికెడు బియ్యము

నల్లమల కొండల అంచున నున్న పట్టణము అచ్చంపేట. పూర్వము మహబూబునగరు జిల్లాలోనిదైన ఈ ఊరు 2016వ సంవత్సరమున నాగరుకర్నూలు జిల్లాలో చేరినది. సమీపమునందలి కొండపై ఉమామహేశ్వర క్షేత్రము గలదు. దాని కావల చెంచులు నివసించు అడవులు. ఇది వానను నమ్ముకొని బ్రతుకు మెట్ట ప్రాంతము. వాన మొగము చాటుచేసిన ఏట ఇక్కడి పేదలు మేస్త్రీల వెంట దూరదేశములకు పోయి, ఆనకట్టలు కట్టి, కాలువలు త్రవ్వి, పొట్ట పోసికొనిరి. పాలమూరు కూలీలన్న పేరు దేశమంతట వినబడుటకు కారణ మిదియే.

ఇట్టి చోట ఒక క్రైస్తవ కుటుంబమును ఊహించుకొనవచ్చును. కోడి కూయగనే ఆ ఇంటి తల్లి లేచును. ముఖము కడిగికొని, గోడవైపు మోకరించి, ఆ దినమును దేవునికి అప్పగించును. పిమ్మట పొయ్యి రాజవేసి, చేటలో బియ్యము పోసికొని, అందుండి ఒక పిడికెడు తీసి మూలనున్న చిన్న కుండలో వేయును. దినమునకు రెండు పూటలు, పూటకొక పిడికెడు. ఆదివారమున ఆ బియ్యము చర్చికి చేరును. తెలుగు క్రైస్తవుల ఇండ్లలో తరతరములుగా వచ్చుచున్న ఆచార మిది. ఆ బియ్యము బోధకుని పోషణకును, దిక్కులేని వారికిని ఉపయోగపడును.

"అమ్మా, మనకే చాలదు గదా! ఇంకొకరి కెందుకు?" అని పిల్లవాడు ఒకనాడు అడిగెను.

"బిడ్డా, పిడికెడు తీసినంత మాత్రమున మన కుండ ఒట్టిపోదు. తీయకుండినచో మన మనసు ఒట్టిపోవును" అని తల్లి బదులు చెప్పెను.

భర్త పని వెదకికొనుచు దూరము పోయియున్నాడు. రాత్రి భోజనమునకు ముందు తల్లియు పిల్లలును చాప పరచుకొని కూర్చుండి, ఒక కీర్తన పాడి, వేదభాగము చదువుకొని, ప్రార్థింతురు. తండ్రి క్షేమము, వాన, బళ్లో పరీక్ష, ఈనబోవు మేక, అన్నియు ఆ ప్రార్థనలో చోటుచేసికొనును. కీర్తన పాడుట తెలుగు క్రైస్తవులకు ప్రాణము వంటిది. 1803 మొదలు 1890 వరకు జీవించిన పురుషోత్తమ చౌదరి వంటి భక్తులు మన రాగతాళములలో కీర్తనలు రచించిరి. చదువురాని వారు సైతము వానిని కంఠస్థము చేసి, నాట్లలోను కోతలలోను పాడుకొనిరి.

అయినను ప్రార్థించువారి ఇంట కలహము పుట్టదని తలచుట పొరపాటు. ఒక వేసవిలో బావి నీరు అడుగంటెను. ఆ బావి అన్నదమ్ములిద్దరి ఉమ్మడి ఆస్తి. ఒకరోజు ఒకరి వంతు, మరునాడు మరియొకరి వంతు. తమ్ముని వంతునాడు అన్నగారింటివారు మోటారు నడుపుకొనిరి. తమ్ముని వేరుసెనగ చేను వాడిపోయెను. ఇల్లాలికి నోటికాడి కూడు పోయినట్లాయెను. ఆమె అక్క వరుసయైన తోడికోడలి గుమ్మము ముందు నిలిచి, మరల వెనుకకు తీసికొనరాని మాట యొకటి అనెను. నాటినుండి రెండిండ్లకు మాటలు లేవు.

తరువాతి ఆదివారమున ఆమె కుండను చేతికెత్తికొనెను. యేసు కొండమీది ప్రసంగములో చెప్పిన బోధ ఆమెకు జ్ఞప్తికి వచ్చెను. సహోదరునికి నీపై మనస్తాపము కలదని తోచినచో, కానుకను బలిపీఠము నెదుటనే విడిచి, మొదట పోయి సమాధానపడవలె నని ఆ బోధ. 'తప్పు వారిది గదా' అని మనసు వాదించెను. 'నేనన్న మాట ఎవరిది?' అని మనసే ప్రశ్నించెను. ఆమె చర్చి దారి విడిచి తోడికోడలి ఇంటివైపు నడిచెను.

"అక్కా, నీళ్ల సంగతి పెద్దలు చూతురు. నేనన్న మాట మాత్రము తప్పు. క్షమింపుము" అనెను.

తోడికోడలు పెదవి విప్పలేదు. ఆ ఆదివారము అట్లే గడిచెను. రెండవ ఆదివారమును అట్లే. మూడవ ఆదివారమున తోడికోడలు లోపలికి పోయి, దోసిట బియ్యము తెచ్చి, "చెల్లె, ఇవియు అందులో పోయుము" అనెను. బావి వంతుల తగవు ఆ దినముననే తీరలేదు. కాని దానిని గూర్చి మాటలాడుటకు ఇద్దరికిని నోరు వచ్చెను.

శాంతి యనగా కలహము లేకుండుట మాత్రమే కాదు. కలహము నడుమ మొదటి అడుగు వేయుట. దీనిని జీవితధర్మముగా నెంచిన క్రైస్తవశాఖ యొకటి ఈ ప్రాంతమునకు వచ్చెను. 16వ శతాబ్దియందు మెన్నో సైమన్సు అనుచరులైన మెన్నొనైటులు ఆయుధము పట్టరాదని నియమము పెట్టుకొని, అందుకై దేశములే విడిచిరి. వారిలో అబ్రహాము ఫ్రీసెను దంపతులు రష్యానుండి వచ్చి, 1890 ప్రాంతమున నల్లగొండలో సేవ ప్రారంభించిరి. అనంతరము అమెరికానుండి వచ్చిన వారు నాగరుకర్నూలు మున్నగు చోట్ల స్థిరపడిరి. 1907లో వచ్చిన కాథరీనా షెల్లెన్‌బర్గు అను వైద్యురాలు 1945లో మరణించు వరకు ఈ తెలుగువారికే చికిత్స చేసెను. ఆమె ప్రార్థనకు చేతులు ఉండెను.

కొండమీది ప్రసంగము తన హృదయమును సూటిగా తాకెనని మహాత్మాగాంధి ఆత్మకథలో వ్రాసికొనెను. మంచి మాటకు మతపు గోడలు అడ్డు రావు.

అచ్చంపేట పొలములలో నేడును వాన కొరకు కన్నులు ఆకాశమున నిలుచును. నీటి వంతులు నేడును తగవులు తెచ్చును. ప్రార్థన ఆ కష్టములను మాయము చేయదు. కష్టములో మనుష్యుడు మనుష్యుని విడువకుండునట్లు కాపాడును. మూలనున్న చిన్న కుండ పూటకొక పిడికెడుతో నిండును. శాంతియు అట్లే నిండవలెను.