కడియపులంకలో పెళ్లిపూలు

మా అక్క కూతురి పెళ్లికి డెకరేషన్ వాళ్లు ఒక్క పూలకే 60 వేలు చెప్పారు. ఫోన్‌లో ఫొటోలు చూపించారు. ఆర్కిడ్లు, జెర్బెరాలు, వాటి మధ్య ఖాళీలు నింపడానికి ప్లాస్టిక్ తీగలు. అక్క బావగారి వంక చూసింది. ఆయన పూలకని విడిగా తీసిపెట్టింది 20 వేలు. మండపం, గుమ్మాలు, పెళ్లిదండలు, అమ్మాయి పూలజడ, వచ్చిన ఆడవాళ్లకి తలా జానెడు మాల, అన్నీ అందులోనే రావాలి. "పూల సంగతి నాకొదిలెయ్యక్కా" అన్నాను. పెళ్లింట్లో పూల మాట ఒప్పుకోవడం వంట మాట ఒప్పుకోవడమంత బరువైన పని. ముహూర్తం గురువారం తెల్లవారుజామున 3.40కి. ముందు ఆదివారం, ఇంకా చీకటి ఉండగానే కడియపులంక బయల్దేరాను.

రాజమహేంద్రవరం దాటి జాతీయ రహదారి మీద రావులపాలెం వైపు వస్తుంటే రెండు పక్కలా నర్సరీలు మొదలవుతాయి. వేమగిరి, బుర్రిలంక, కడియపులంక. గోదారి తెచ్చి పోసిన ఒండ్రు నేల, ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే కాలవ నీళ్లు. 1852లో కాటన్ దొర పూర్తిచేసిన ఆ ఆనకట్ట పేరు చెప్పగానే మనకి వరిచేలు గుర్తొస్తాయి గానీ, ఈ చామంతి తోటలు తాగేదీ ఆ గోదారి నీళ్లే. చుట్టుపక్కల లంకల్లో కోసిన పూలు తెల్లారేసరికి ఈ రోడ్డు పక్కకి చేరతాయి. నేను దిగేటప్పటికి ఆటోల మీంచి, మోటార్ సైకిళ్ల మీంచి మూటలు దింపుతున్నారు. కాటాల దగ్గర కేకలు. ఒకచోట బంతిపూలు పసుపు, నారింజ రెండు రాశులుగా నడుమెత్తు పోసి ఉన్నాయి. చలికాలం కదా, రాశిలో చెయ్యి పెడితే పైన చల్లగా, లోపల గోరువెచ్చగా ఉంది. కోసిన పూవుకీ ఊపిరి ఉంటుంది. కుప్పగా పోస్తే వేడెక్కుతుంది.

ఆ వేడి సంగతి నాకు కష్టం మీద తెలిసింది. కొన్నేళ్ల కిందట మా ఇంట్లో జరిగిన పెళ్లికి 10 కిలోల చామంతులు చవగ్గా దొరికాయని రెండు రోజుల ముందే కొని, నీళ్లు చల్లి, ప్లాస్టిక్ సంచుల్లో మూతి బిగించి పెట్టాం. పెళ్లిరోజు పొద్దున్న విప్పితే రేకులన్నీ గోధుమరంగు తిరిగి ముద్దగా అంటుకుపోయాయి. ఆ వాసన ఇంకా నాకు గుర్తే. అప్పటికప్పుడు ఊళ్లో ఉన్న ఒకే ఒక్క పూలకొట్టుకి పరిగెత్తి, అతను చెప్పిన ధర మారుమాట్లాడకుండా ఇచ్చి తెచ్చుకున్నాం. పెళ్లిపూలకి డబ్బు ఎక్కువగా పోయేది ఇలాగే, చివరి గంటలో.

మొదట ఆగిన కొట్టులో ఒక పెద్దాయన నేను ధర అడగకముందే తనే అడిగారు.

"ముహూర్తం ఎన్నింటికండీ?"

చెప్పాను.

"బుధవారం రాత్రి పెళ్లి. అంటే బంతి, చామంతి మంగళవారం పట్టుకెళ్లండి. మీతోపాటు ముహూర్తాలోళ్లంతా బుధవారం పొద్దున్న ఇక్కడే ఉంటారండి. ఆ రోజు ధర నా చేతిలో ఉండదు."

నేను రాసుకున్న ఆరు పేజీల లెక్క కంటే ఈ ఒక్క మాట నాకు ఎక్కువ పనికొచ్చింది. బంతి, చామంతి కోసిన తర్వాత రెండు మూడు రోజులు ఆగే పూలు. గాలి ఆడేలా గోనెల మీద పరిచి, పైన తడిగుడ్డ కప్పితే మంగళవారం పూవు గురువారానికి కూడా నిలబడుతుంది. గులాబీ రేకులు, మల్లె, కాగడా మాత్రం ఆ పూటవే కావాలి. కాబట్టి బరువైన సరుకంతా ఒకరోజు ముందు, సున్నితమైనవి కొద్దిగా ఆ రోజే. మార్కెట్టు ఎగిరే రోజున మన చేతిలో కొనాల్సింది ఎంత తక్కువుంటే అంత నయం.

చామంతి ఎలా చూసుకోవాలో కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మనం పూవు ముఖం చూస్తాం. ఆయన బోర్లా తిప్పారు. కింద తొడిమ దగ్గర ఆకుపచ్చగా, గట్టిగా ఉంటే నిన్నటి సాయంత్రం కోత. అక్కడ పసుపు తిరిగినా, బొటనవేలితో నొక్కితే మెత్తగా దిగినా మూడో రోజు సరుకు. తర్వాత దోసెడు పూలు తీసి నా ఎదురుగానే రెండుసార్లు కుదిపారు. రెండు రేకులు రాలాయి. "గుప్పెడు రాలితే కొనకండి, ఎవరిచ్చినా" అన్నారు. బంతికయితే తడి చూడాలట. తూకం రావడానికి నీళ్లు ఎక్కువ కొట్టిన మూట కింద గోనె కారుతూ ఉంటుంది. ఆ నీటికీ మనమే డబ్బిస్తాం, ఆ నీటికే పూవు కుళ్లుతుంది కూడాను.

మాఘమాసంలో చామంతి చవగ్గా దొరకడానికి కారణం ఉంది. పగలు తగ్గి రాత్రి పెరిగే రోజుల్లో మొగ్గ తొడిగే మొక్క అది. వేసవి పెళ్లిళ్లకి పూవు కావాలంటే రైతు మొక్కల మీద నల్లగుడ్డ కప్పి లేని రాత్రి కల్పించాలి. చలికాలంలో ఆ ఖర్చు లేదు, పూవు దానంతటదే పూస్తుంది. అదే శ్రావణమాసం వచ్చేసరికి అంతా తిరగబడుతుంది. గోదారికి వరదొచ్చి లంకతోటలు మునిగేదీ, ఇంటింటా వరలక్ష్మీవ్రతానికి పూలు కావలసిందీ అప్పుడే. పంచాంగంలో ముహూర్తం చూసేటప్పుడు ఆ నెలలో ఏ పూవు పూస్తుందో కూడా చూసుకుంటే సగం ఖర్చు అక్కడే తేలిపోతుంది.

ఎర్ర డచ్ గులాబీల దగ్గర ఆగాను. ఇవి ఇక్కడివి కావు. హోసూరు, బెంగళూరు వైపు నుంచి కట్టకి 20 చొప్పున అట్టపెట్టెల్లో వస్తాయి. మా పెళ్లి ఫిబ్రవరి రెండో వారంలో. 14వ తేదీ ప్రేమికుల రోజుకి ప్రపంచమంతా ఎర్ర గులాబీ అడుగుతుంది, ఆ తోటల నుంచి విదేశాలకీ వెళ్తుంది. ఆ వారంలో ఆ పూవు ముట్టుకోవడం మనలాంటి వాళ్ల పని కాదు. రేకులు చల్లడానికయితే నాటు గులాబీ ఉండనే ఉంది. కాడ పొడుగుండదు, ముఖం తీర్చిదిద్దినట్టుండదు. వాసన మాత్రం నిండుగా ఉంటుంది. కిలో 120 చొప్పున 5 కిలోలు చెప్పాను.

అక్క గట్టిగా కోరింది ఒక్కటే, మల్లెపూల జడ. తన పెళ్లి వైశాఖంలో అయింది. అప్పుడు మల్లె ఇంటి పెరళ్లలోనే విరగబూస్తుంది. మాఘంలో మల్లె ఎక్కడిది? ఆ ఉదయం కనిపించిన కాసిని మొగ్గలూ తమిళనాడు నుంచి ఐసు పెట్టిన థర్మాకోల్ పెట్టెల్లో వచ్చినవి. కిలో 1,600 చెప్పారు. వచ్చిన ఆడవాళ్లందరికీ మల్లెమాలలు ఇవ్వాలంటే మా 20 వేలూ అక్కడికే సరి. నేను అరకిలో మాత్రమే చెప్పాను, అదీ అమ్మాయి జడకి. చుట్టాలకి కాగడాలు, కనకాంబరాలు కలిపి మాలలు. చలికాలంలో మల్లె లేని లోటు తీర్చేది కాగడాయే, తెల్లగా సన్నగా ఉంటుంది. కనకాంబరానికి వాసన లేకపోయినా రంగు వాడదు, మర్నాటికీ తలలో అలాగే ఉంటుంది. కిలో 800 అనగానే గుండె గుభేలుమంది గానీ, ఆ పూవు ఎంత తేలికంటే రెండు కిలోలకి పెద్ద బుట్ట నిండిపోయింది. తూకంలో ఖరీదైన పూవు మాలలో చవకవుతుంది. బంతికి లెక్క అలా కుదరదు. కిలో 35 చొప్పున 60 కిలోలు కొన్నా మండపం నాలుగు స్తంభాలకీ, రెండు గుమ్మాలకీ చాలుతాయో లేదోనని భయపడుతూనే ఉన్నాను.

ఆ భయం తీర్చింది కూడా పెద్దాయనే. "స్తంభమంతా పూలతో కప్పుతారేంటండి? కోనసీమ పక్కనుండగా! కొబ్బరాకు అల్లించండి, అరటిచెట్లు కట్టించండి, వాటి మీద బంతి గీతలా నడిపించండి. పచ్చదనం వెనకుంటేనేనండి పసుపు కంటికి ఎత్తేది." నిజమే. చిన్నప్పుడు మేం చూసిన పందిళ్లన్నీ అవే. ఆకు నిండుగా, పూవు అంచుగా. ప్లాస్టిక్ తీగలు వచ్చి ఆకుని తోసేశాకే మండపం నింపడానికి ఇన్ని వేలు కావాల్సివస్తోంది. వేడినీళ్లతో కడిగి మళ్లీ మళ్లీ కట్టే ఆ ప్లాస్టిక్ పూలకింద మా పిల్ల తలవంచుకుని కూర్చోవడం నాకు ఇష్టం లేదు. మంగళసూత్రం పడే చోట, తలంబ్రాలు పోసే చోట వాడిపోయే పూవే ఉండాలని నా పట్టుదల.

పెళ్లిదండలకి లిల్లీ చూశాను. మనం లిల్లీ అని పిలిచేది నేలసంపంగి. చలికి దిగుబడి తగ్గుతుంది కనక కిలో 200 పలికింది. ముద్దరెక్క రకం చూడ్డానికి బాగుంటుంది గానీ దండకి ఒంటిరెక్కే మంచిది. వాసన దానికే ఎక్కువ, గుచ్చడానికీ సులువు. ఒక బుట్టలో మొగ్గల కొసన లేత గులాబీ ఛాయ కనిపించింది. బెంగళూరు హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్లు తీసిన ప్రజ్వల్ రకానికి ఆ ఛాయ ఉంటుంది, మొగ్గ బరువుగా ఉంటుంది. విచ్చాక తెల్లగానే కనిపిస్తుంది. విచ్చనివే ఏరించి ఆరు కిలోలు చెప్పాను.

అప్పటికి ఎండెక్కింది. పూల లెక్క 11,700 దగ్గర తేలింది. ఆటోకి ఒక వెయ్యి. మిగిలిన దాంట్లో కట్టేవాళ్లకి కూలి. చాలామంది ఈ కూలి దగ్గరే బేరమాడతారు. నేను అలా చెయ్యదల్చుకోలేదు, ఎందుకంటే పెద్దాయన చూపించిన మామ్మగారి పని అప్పటికే కాసేపు నిలబడి చూశాను.

రేకుల షెడ్డు నీడలో చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుందావిడ. ఎడమకాలి బొటనవేలికి తడిపిన అరటినార ముడేసింది. రెండు కనకాంబరాలు ఇటు, రెండు అటు, కాడలు ఎదురెదురుగా పెట్టి, నార ఒక చుట్టు తిప్పి, వేలితో ఉచ్చు వేసి లాగుతుంది. నాలుగు పూల పనికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను, లెక్కపెట్టేలోపే అయిపోయేది. దారంతో కట్టరేమని అడిగితే తలెత్తకుండానే చెప్పింది. "దారం కాడని కోస్తుందమ్మా. నార తడి ఇస్తుంది." ప్రతి జానెడుకీ ఒక రెమ్మ మరువం పెట్టింది. వాసన లేని పూవుకి అదే వాసన.

చుట్టాల మాలలు, రెండు పెళ్లిదండలు, జడ, మండపం కట్టే కుర్రాళ్ల పని, అన్నిటికీ కలిపి 7 వేలు మాట్లాడుకున్నాం. మొత్తం 19,700. జడ మాత్రం బుధవారం మధ్యాహ్నమే కుడతానంది మామ్మగారు. పొద్దున్న కోసిన మల్లెమొగ్గ చీకటి పడగానే విచ్చేస్తుంది. ముహూర్తం వేళకి జడలో మొగ్గలు కనిపించాలంటే కుట్టిన జడని అరటాకులో చుట్టి, ఐసుపెట్టెలో, ఐసుకి తగలకుండా పెట్టాలి. పెళ్లికూతురు ముస్తాబుకి కూర్చునే దాకా మూత తియ్యొద్దంది. మల్లె చాలకపోతే మధ్యలో చిట్టిచామంతులు వరస వేస్తానంది. తర్వాత అడిగింది.

"అమ్మాయి జడ ఎంత పొడుగమ్మా?"

ఇంతసేపూ ఇన్ని లెక్కలు వేసినదాన్ని, ఆ లెక్క తేలేదు. అక్కడి నుంచే ఇంటికి ఫోన్ చేశాను. అక్క స్పీకర్ పెట్టింది. అవతల పిల్ల నవ్వుతోంది, అక్క కదలకుండా నిలబడమని కసురుతోంది. మెడ నుంచి జడ కొస దాకా దారం పట్టుకుని మూరేసి చెప్పింది. "రెండు మూరలకి నాలుగు వేళ్లు తక్కువ."

"ఎవరి మూరమ్మా?" అంది మామ్మగారు.

నాదీ అక్కదీ ఒకే చెయ్యి, గాజులు కూడా మార్చుకుంటాం. ఆ మాటే చెప్పి నా చెయ్యి చాపాను. ఆవిడ నా మోచేతి దగ్గర నార కొస నొక్కిపట్టి నడిమివేలి దాకా లాగింది, మళ్లీ ఒకసారి లాగింది, నాలుగు వేళ్లు వెనక్కి వచ్చి అక్కడ ముడి వేసింది. ఆ నారని షెడ్డు గుంజకున్న మేకుకి తగిలించింది. అప్పటికే అక్కడ అలాంటివి మూడు వేలాడుతున్నాయి, ఒక్కోదాని ముడి ఒక్కో ఎత్తులో.