గౌతమీతీరమున పులస

ఆషాఢము ప్రవేశించి, ఎగువ కొండలలో వానలు పడి, గోదావరి నీరు కావిరంగునకు తిరుగగానే ఈ మండలములయందలి యిండ్లలో ఒకే మాట వినవచ్చును: "ఎఱ్ఱనీరు దిగినది, ఇక పులస వచ్చును." సముద్రమున వెండివలె తళతళలాడు చేప యొకటి ఆ కాలమున ఉప్పునీటిని విడిచి, వరద కెదురీదుచు నదిలో ప్రవేశించును. కడలిలో నున్నంతకాలము దానిని ఇలస యందురు. గోదావరినీట ఎదురీదివచ్చిన పిదప అదియే పులస యగును. పేరు మారుటతోనే వెలయు మారును. సముద్రతీరమున వందలలో పలుకు చేప నదీతీరమున వేలలో పలుకును.

శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరు టెన్యులోసా ఇలీషా. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ అను నాతడు గంగానది చేపలనుగూర్చి ప్రకటించిన గ్రంథమున దీనిని వర్ణించెను. వంగీయులు ఇలిశ్ అని మక్కువతో పిలుచునదియు, మనము పులస యనునదియు ఒక్క జాతియే. ఇది గ్రుడ్లు పెట్టుటకై మంచినీటిని వెదకికొని వచ్చును. ఆ ప్రయాణమునకు కావలసిన బలమును కడలిలోనే క్రొవ్వుగా దాచుకొని వచ్చును. ఆ నూనెయే దాని కమ్మదనమునకు మూలము. కావున మనము కంచములో చవిచూచునది ఒక తల్లి తన ప్రసవయాత్రకై కూర్చుకొన్న సంబళమని చెప్పవచ్చును. ఈ సంగతి తెలిసినపిమ్మట ఆ చేపను కొనుటయందును వండుటయందును కొంత నెమ్మది మనకు దానంతట అదియే అలవడును.

గత వర్షాకాలమున ఒక సెలవుదినమున మేము పులస నడచు త్రోవను చూడవలెనని బయలుదేరితిమి. రాజమహేంద్రవరమునకు దిగువనున్న ధవళేశ్వరము మొదటి మజిలీ. ఇచట కాటన్ దొరగారి పర్యవేక్షణమున 1847లో ఆరంభమైన ఆనకట్ట 1852లో పూర్తియైనది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, నడుమ లంకలతో, దాదాపు 3½ కిలోమీటర్ల పొడవున అది నదికి అడ్డుగా నిలిచినది. ప్రాత కట్టడమునకు బదులుగా నేడు తలుపులతోకూడిన క్రొత్త బ్యారేజి యున్నది; దానికిని ఆ దొరగారి పేరే పెట్టిరి. వరదనాడు ఆ తలుపులక్రింద నీరు నురుగులు క్రక్కుచు దుముకుచుండగా చూచుట భయమును ఆనందమును గలిపి కలిగించును.

ఈ కట్ట మన డెల్టాకు అన్నము పెట్టినది. కరవులతో అల్లాడిన సీమ ధాన్యాగారమైనది. అందుచే ఇచ్చటివారు నేటికిని కాటన్ గారి విగ్రహములకు పూలమాలలు వేయుదురు. కాని యే కట్ట మన కంచములో అన్నము వడ్డించినదో ఆ కట్టయే పులసకు దారి మూసినది. గంగానదియందును ఇట్లే జరిగినది. 1975లో ఫరక్కా ఆనకట్ట పనిచేయనారంభించిన పిదప, పూర్వము ప్రయాగవరకు ఎదురెక్కిన ఇలిశ్ చేప ఆ యెగువ ప్రాంతములలో అరుదైపోయినది. గోదావరిలో పులస నడువగల దారి కడలినుండి ధవళేశ్వరము వరకే. ఆ కొద్దిదారిలోనే వలలన్నియు కాచుకొని యుండును.

అచ్చటినుండి కడియపు పూలమొక్కల తోటలు చూచుచు, రామచంద్రపురము మీదుగా ద్రాక్షారామము చేరితిమి. భీమేశ్వరుని దర్శించి, ఆలయమున కొంతసేపు కూర్చుండి, ఇంజరము దారిని యానాము పోయితిమి. ద్రాక్షారామమును శ్రీనాథుడు భీమేశ్వరపురాణమున కొనియాడెనని మన సోదరీమణులలో పలువురెరుగుదురు. మా బండిలోని పిల్లలకు మాత్రము ఆ కథకంటె దారిప్రక్క వేడివేడిగా అమ్ము మొక్కజొన్నపొత్తులే మధురముగా నుండెను.

యానాము చిత్రమైన యూరు. చుట్టును ఆంధ్రదేశమే యైనను, 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండుటచే అది నేటికిని పుదుచ్చేరిలో భాగము. గౌతమీశాఖ యీ యూరి ప్రక్కనే ప్రవహించి కడలి చేరుచున్నది. 2002లో మరణించిన లోకసభాధ్యక్షులు బాలయోగి గారి పేర వెలసిన వంతెన ఆవలి యెదుర్లంకను ఈవలి యానామును కలుపుచున్నది. ఆ వంతెనపై నిలిచి చూచినచో ఎఱ్ఱని నీటిపై చిన్నచిన్న పడవలు కొట్టుకొనిపోవుచున్నట్లు కానవచ్చును. కాని అవి కొట్టుకొనిపోవుట లేదు. వలను ప్రవాహమునకు విడిచి, దానితోపాటు తామును సాగుచున్నవి. ఒక్కొక్కనాడు ఉదయమునుండి సాయంకాలము వరకు అట్లు తిరిగినను ఒక్క పులసయు పడదట. వెల హెచ్చుటకు మొదటి కారణ మదియే.

చేపల బజారున అమ్మకమంతయు స్త్రీలదే పెత్తనము. పురుషులు వలలు వేసి తెత్తురు. స్త్రీలు పాట పెట్టి అమ్ముదురు. మా కన్నులయెదుట రెండు కిలోల శన పులస, అనగా గ్రుడ్లతో నిండిన ఆడుచేప, 14,000 రూపాయలకు పోయినది. ఒక్క చేప 20,000 రూపాయలు దాటిన సంగతులును వార్తాపత్రికలలో వచ్చినవి. కొన్న పెద్దమనిషి దానిని మంచుపెట్టెలో నుంచి, కారులో హైదరాబాదునకు పంపెను. తినుట తనకు కాదు. ఎవరో అధికారికి కానుక యట.

ఒక ముదుసలి వర్తకురాలి గంపయొద్ద మేము నిలిచితిమి. "అక్కా, ఇది నదిదో కడలిదో మాకెట్లు తెలియును?" అని యడిగితిమి. ఆమె నవ్వి, "కన్ను సూడండమ్మా, మొప్ప సూడండి. ఆ తరవాత నా మాట ఇనండి" అనెను. ఎంత చక్కని మాట! అమ్ము మనిషియే తన మాటను చివర పెట్టినది. ప్రక్క వరుసలో ఒకడు మంచులో పేర్చిన చేపలను చూపి "గోదావరి పులస" అని కేకలు వేయుచుండగా, ఆమె మెల్లగా మాతో, "అది రైలెక్కొచ్చిన పులసమ్మా" అనెను. ఒడిస్సానుండియు వంగదేశమునుండియు వచ్చు ఇలసలు ఈ ఋతువున పులస పేర అమ్ముడుపోవుట ఇచ్చట అందరెరిగిన సంగతియే. అవి చెడ్డవి కావు, రుచియైనవే. కాని ఇలసకు పులస వెల యిచ్చుట తగదు.

ఆమె చెప్పిన గురుతులను సోదరీమణుల కుపయోగపడునని యిచ్చట వ్రాయుచున్నాము. కన్ను తేటగా, కొంచె ముబ్బి యుండవలెను. గుంటపడి తెల్లబారినది ప్రాతది. మొప్ప ఎత్తిచూచిన ఎఱ్ఱగా నుండవలెను, గోధుమవన్నె పనికిరాదు. వ్రేలితో నొక్కిన కండ వెంటనే పైకి లేవవలెను. కడలిచేప తెల్లని వెండివలె నుండగా, నదిలో కొన్నాళ్లున్నదాని మేన లేత బంగారుఛాయ గానవచ్చు నని వారి యనుభవము. అన్నిటికంటె మిన్నయైన గురుతు ఎరిగిన మనిషియొద్ద కొనుట. ఏటేట ఒక్కరియొద్దనే కొను ఇల్లాలిని వర్తకురాలు మోసగింపదు.

ఇక వెలమాట. "పుస్తెలమ్మి యైనను పులస తినవలె" నని మనవైపు సామెత. దీనిని కట్టినవారు మెడలో పుస్తెలు ధరించినవారు మాత్రము కారని మా నిశ్చయము. నవ్వులకు చెప్పుకొను మాటయే యైనను, అది నిజముగా కొన్ని యిండ్ల భారమగుచున్నది. క్రొత్తల్లుడు వచ్చిన పులస వండవలెను. వియ్యాలవారికి సారెతో పులస పంపవలెను. పంపనిచో ఆ పిల్ల అత్తవారింట మాట పడవలెను. వంగదేశమునను జామాయి షష్ఠినాడు అల్లునికి ఇలిశ్ వడ్డించుట మర్యాద యందురు. ప్రేమతో పెట్టునది మర్యాద. అప్పుచేసి పెట్టునది మర్యాద కాదు. పిల్లనిచ్చిన తల్లికి వడ్డి లెక్కలు నేర్పు చేప యెంత రుచియైన నేమి?

మేము చేసినపని యిది. మా వీధిలో మూడిండ్లవారము ముందుగానే కూడబలుకుకొని, 1¼ కిలోల మగచేపను 4,800 రూపాయలకు కొంటిమి. ఇంటికి 1,600 పడినది. శన లేని చేప కొంత చవుక. ఒక్కొక్క తల్లిచేప కడుపున లక్షలకొలది గ్రుడ్లుండును గనుక, దానిని విడిచి దీనిని తెచ్చుట న్యాయమునకును దగ్గర. ఏటేట పులస తగ్గుచున్న దని పడవలవారే మొరపెట్టుచున్నారు. బంగ్లాదేశమున ఇటీవలి సంవత్సరములలో గ్రుడ్లు పెట్టు కాలమున, అక్టోబరు ప్రాంతమున, 22 దినములు ఈ చేపను పట్టుటయు అమ్ముటయు నిషేధించుచున్నారు. మన తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు యంత్రపు పడవలకు సముద్రమున వేట నిషేధము గలదు. కాని పులస నదికెక్కునది అటుతరువాత. ప్రభుత్వములు చేయవలసినది చేయుగాక; "శనచేపయే కావలె" నని పట్టుపట్టకుండుట మాత్రము ఇల్లాలిచేతి పని. శ్రావణమాసమున నీసు ముట్టని యిండ్లు మనలో నెన్నియో గలవు. ఆ నోము పట్టిన స్త్రీలు తెలియకయే ఎన్ని తల్లిచేపలకు అభయ మిచ్చుచున్నారో!

వంట సంగతి చెప్పి ముగింతుము. చేపను పొలుసు తీయించి, కోయకముందే చక్కగా కడుగవలెను. కోసిన పిదప పలుమారు కడిగిన నూనెయంతయు నీటిపాలగును. కత్తిపీటపై అడ్డముగా, రెండు వ్రేళ్ల మందమున ముక్కలు కోసి, పసుపు, ఉప్పు, కారము పట్టించి అరగంట యుంచవలెను. కిలో చేపకు పెద్ద నిమ్మకాయలంత చింతపండు రెండుండలు నానబెట్టి పులుసు తీయవలెను. వెడల్పైన మట్టిదాకలో అరపావు నూనె కాచి, చిటికెడు మెంతులు వేసి, నాలుగు ఉల్లిపాయలు నూరిన ముద్దను పచ్చివాసన పోవువరకు వేచవలెను. పిదప కారము, ధనియాల పొడి, జీలకర్ర పొడి వేసి, పులుసు పోసి, అది తెర్లునపుడు ముక్కలను ఒక్కొక్కటిగా పేర్చవలెను. చీల్చిన పచ్చిమిరపకాయలు ఎనిమిది, లేత బెండకాయలు పది కోయకయే వేయవలెను.

ఇకమీద గరిటె పెట్టరాదు. కదుపవలసివచ్చిన దాకను రెండంచుల బట్టతో పట్టుకొని మెల్లగా త్రిప్పవలెను. సన్నని సెగపై గంటకు తక్కువ గాకుండ మ్రగ్గనిండు. పులస నిండ వెండ్రుకలవంటి ముండ్లుండును. పులుపును సన్నసెగయును గూడి వానిని కొంత మెత్తపరచును. దింపుటకు ముందు కొందరు వెన్నముద్ద, కొందరు ఆవకాయ జాడీపై తేలు నూనె రెండు చెంచాలు వేయుదురు. మాకు ఆవకాయ నూనెయే నచ్చినది. దింపిన పులుసును ఆనాడు ముట్టక మరునాడు తినవలెనని పెద్దలందురు; ఇది చాదస్తము గాదు. రాత్రియంతయు నిలిచినపుడు పులుపు, కారము, చేపనూనె ఒకదానినొకటి కలిసికొని పులుసు చిక్కబడును. ఆ రాత్రి యింటిలో అందరి నోళ్లను కట్టియుంచుటయే ఇల్లాలికి అసలైన పరీక్ష. పసిపిల్లలకు మాత్రము తల్లి తన వ్రేళ్లతో ముల్లు తీసి, అన్నమున మెదిపి చూచికొని పెట్టవలెను. ఈ విషయమున తొందర కూడదు.

మరునాడు మూడిండ్ల పిల్లలును మా వసారాలో బంతి కూర్చుండిరి. తలకు ఒక్క ముక్క, కావలసినంత పులుసు. చాలలేదని యెవరు ననలేదు. 14,000 రూపాయల చేప యే పెద్దవారి బల్లపై నింతకంటె మిన్నగా నుండెనో మాకు తోచలేదు.

సోదరీమణులారా, వచ్చు ఆషాఢమున గోదావరి మరల ఎఱ్ఱబారును. పులస కొనదలచినవారు యానాము పోయి, నదిని చూచి, కన్నును మొప్పను చూచి కొనుడు. కొనజాలనివారు కడలి ఇలసతో ఈ విధముననే పులుసు కాచుకొనుడు. ఆ దాకకును ఆ నిదానమునకును ఎవరును వెల గట్టలేరు. పుస్తెలు మెడలోనే యుండనిండు.