రాజేశ్వరి దాటిన గడప

చలం 'మైదానం' 1927లో వెలువడింది. ప్లీడరు భర్తను విడిచి అమీర్‌తో వెళ్ళిన రాజేశ్వరి అందులో తన కథ తానే చెప్పుకుంటుంది. 'లేచిపోవడం' అన్న మాటనే ఆమె సహించదు. నీతివాదులు ఆమెను శీలం లేనిదన్నారు. మనవాళ్ళలో కొందరు ఆమెది సంఘంతో పనిలేని వ్యక్తివాదమని పక్కకు నెట్టారు. ఈ రెండు తీర్పులూ నాకు సమ్మతం కావు. భర్త సొత్తుగా బతకనన్న స్త్రీని ఏ అభ్యుదయవాదీ తోసిపుచ్చరాదు.

అయితే, క్లాసులో ఈ నవలను గురించి చెబుతుండగా మైపాడు దాపున పట్టపుపాలెం నుంచి వచ్చే విద్యార్థిని ఒకామె లేచి అడిగింది: "మా అమ్మ చీకటితోనే చేపలగంప నెత్తినెత్తుకుని గడప దాటుతుంది సార్. సాయంత్రానికి ఆ డబ్బులు మా నాయన చేతిలో వుంటాయి. ఆమె యింకేం దాటాలి?"

నవలలో దీనికి జవాబు లేదు. రాజేశ్వరికి యిల్లు చెర, మైదానం స్వేచ్ఛ. కష్టజీవి స్త్రీకి బయట కూడా చాకిరీయే. పైగా రాజేశ్వరి స్వేచ్ఛ ఒక పురుషుని ప్రేమను ఆనుకుని వుంది. అది చలిస్తే వెనుక నిలిచే స్త్రీల బలగం ఆ మైదానంలో లేదు.

ఆ బలగం ఎలా వుంటుందో మన నెల్లూరు మెట్టసీమ చూపింది. దూబగుంటలో, రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటున్న స్త్రీలు కూడి సారా అంగడిని మూయించారు. 1992లో ఆ ఉద్యమం జిల్లా అంతటా పాకింది. 1993 అక్టోబరులో ప్రభుత్వం రాష్ట్రమంతటా సారాను నిషేధించక తప్పలేదు. యిల్లు విడవకుండానే వాళ్ళు కూలిడబ్బుల మీద హక్కు అడిగారు.

అంగడి మూతబడిన తర్వాత కూడా, ఆ యిళ్ళలో స్త్రీ తన శరీరం తనదని చెప్పగలుగుతున్నదా? ఆ ప్రశ్నకు రాజేశ్వరి కావాలి. పట్టపుపాలెం పిల్ల ప్రశ్నను పక్కన పెట్టుకునే ఆ నవలను చదవమని విద్యార్థులకు చెబుతున్నాను.