గోస్తనికి ఎదురు నడక

సెలవులకు ముందు మద్దిలపాలెం బస్టాండు దగ్గర యూనివర్సిటీ పిల్లలు వీపున ఇంతేసి సంచీలతో నిలబడి ఉంటే ఎక్కడికని అడగక్కర్లేదు. ఢిల్లీ, అక్కణ్ణుంచి హిమాచలో, ఉత్తరాఖండో. మంచులో నడవాలి, హిమానీనదం ముందు ఫొటో దిగాలి. వెళ్లగలిగిన వయసులో వెళ్లాల్సిందే, కాదనను. కాకపోతే గంగ పుట్టే చోటు చూడ్డానికి రైల్లో రోజుల తరబడి కూర్చునే ఊరు, తన కడుపులోకి పోయే నీళ్లు ఎక్కడ పుడుతున్నాయో చూడ్డానికి ఒక్క పూట తీసి పెట్టదు. విశాఖ తాగే నీళ్లలో గోస్తనికి వాటా ఉంది. అందుకే సముద్రం దగ్గర మొదలుపెట్టి, ఏటికి ఎదురుగా కొండ మీదికి వెళ్దాం.

గోస్తని పొడవు 120 కిలోమీటర్లకు అటూ ఇటూ. గోదావరిని చూసిన కంటికి ఇది ఆనదు. అనంతగిరి కొండల్లో పుట్టి, అల్లూరి సీతారామరాజు, విజయనగరం, విశాఖపట్నం జిల్లాలు దాటి భీమిలి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. ఈ మొగను చూసుకునే 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు ఇక్కడ దిగి వర్తకం పెట్టారు. వాళ్ల సమాధులు ఇంకా ఉన్నాయి. వాళ్లకు ఎన్నో శతాబ్దాల ముందే బౌద్ధ భిక్షువులు పక్కనున్న పావురాళ్లకొండ మీద విహారాలు కట్టుకున్నారు. కింద ఏరు పారుతున్నా కొండ మీద రాతిని తొలిచి వాన నీటికి తొట్లు చేసుకున్నారు. నీటి విషయంలో మనకంటే బుద్ధిమంతులు.

మద్దిలపాలెం నుంచి హైవే మీద ఉత్తరంగా వెళ్లే బస్సు మధురవాడ, ఆనందపురం దాటి తగరపువలస వంతెన ఎక్కినప్పుడు చాలామంది విశాఖవాసులకు గోస్తని మొదటిసారి, చివరిసారి కూడా, కనిపిస్తుంది. అదీ కిటికీలోంచి తొంగిచూస్తేనే. వేసవిలో అయితే కనిపించేది ఇసుకే. ఆ ఇసుక కిందే నీరుంది. నదీగర్భంలో ఊటబావులు తవ్వి నగరానికి నీళ్లు తెచ్చిందీ ఇలాంటి చోటనే. పైన ఇసుక తోడేస్తే కింద ఊట తగ్గుతుంది. ఇది ఇంజినీరు చెప్పక్కర్లేదు, ఏటి ఒడ్డున చెలమ తీసుకున్న ఎవరికైనా తెలుసు.

ఇంకా ఎగువకు వెళ్తే పద్మనాభం. 1794 జులై 10న చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి నేలకొరిగింది ఇక్కడే. ఆ పైన జామి, వరిచేలు, చెరకు తోటలు. నడకపరంగా చెప్పుకోదగ్గదేమీ లేదు, బస్సులో దాటేయండి. గంట్యాడ మండలం తాటిపూడి దగ్గర మాత్రం దిగాలి. 1960ల్లో కట్టిన జలాశయం ఇది. ఆయకట్టుకు పోగా విశాఖకూ తాగునీరు ఇస్తుంది. గట్టు మీద నిలబడి పడమటికి చూస్తే కొండలు వరస మీద వరసగా లేస్తాయి. మన నడక మొదలయ్యేది ఆ వెనక వరసలో.

శృంగవరపుకోటతో మైదానం ముగుస్తుంది. అక్కణ్ణుంచి ఘాట్ రోడ్డు ఒకవైపు, కొత్తవలస–కిరండూల్ రైలు ఒకవైపు కొండెక్కుతాయి. ఆ రైలు మార్గాన్ని 1960ల్లో వేసింది షికారుకు కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపడానికి వేశారు. దారిలో 58 సొరంగాలు. 2017లో అద్దాల పెట్టె తగిలించాక అందరూ కిటికీల వైపు తిరిగి కూర్చుంటున్నారు గానీ, ఇవాళ్టికీ ఎదురుగా దిగే రైళ్లలో ఖనిజమే ఎక్కువ.

బొర్రా గుహలు సముద్రమట్టానికి 700 మీటర్ల పైన ఉన్నాయి. 1807లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ జార్జ్ వీటిని కనిపెట్టాడని అందరూ ఒకరిని చూసి ఒకరు రాస్తారు. ఆ సంస్థ పుట్టిందే 1851లో! అసలు దొర వచ్చి కనిపెట్టేదాకా ఇవి కనపడకుండా ఎవరికున్నాయి? ఆవు పైనున్న కంతలోంచి పడిపోతే వెతుక్కుంటూ వెళ్లిన కాపరికి లోపల శివలింగం దొరికిందని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎప్పటినుంచో చెప్పుకుంటున్నారు. ఇంకా వెనక్కి పోవాలంటే, మద్దిలపాలేనికి ఆనుకునే ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లు ఈ గుహల్లో పాతరాతియుగపు పనిముట్లు తవ్వి తీశారు.

లోపల సున్నపురాయి మీద నీటిబొట్టు చేసిన పని చూడ్డానికి రంగు దీపాలు అక్కర్లేదని నా అభిప్రాయం. దీపం వేడికీ వెలుగుకీ రాతి మీద పచ్చటి నాచు పడుతుంది. రంగు దీపాలున్న గుహలన్నిటికీ ప్రపంచమంతటా ఇదే జబ్బు. కిందెక్కడో చీకట్లో గోస్తని పారుతుంటుంది. పైన రైలు పోతుంటుంది.

ఈ రాయి కోసమే ఒకప్పుడు పెద్ద వ్యాజ్యం నడిచింది. బొర్రా పంచాయతీ ఊళ్ల చుట్టూ కాల్సైట్ తవ్వుకోవడానికి ప్రైవేటు కంపెనీలకు ప్రభుత్వం లీజులిచ్చింది. సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. 1997 జులైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనుల భూమే కాదు, ప్రభుత్వ భూమి కూడా గిరిజనేతరులకు లీజుకివ్వడానికి వీల్లేదు. భూబదలాయింపు చట్టంలో ‘వ్యక్తి’ అంటే ప్రభుత్వమూ వస్తుందని తేల్చింది. దేశమంతా సమత తీర్పు అని చెప్పుకునే ఆ తీర్పు పుట్టిన ఊళ్లు ఇవి. టిక్కెట్టు కొని గుహలోకి దిగే వాళ్లలో ఆ సంగతి తెలిసినవాళ్లు ఎందరో!

బొర్రా నుంచి కటికి జలపాతానికి జీపులుంటాయి. వీలైతే జీపు మానేసి ఊరి కుర్రాణ్ణి ఒకణ్ణి తోడు తీసుకోండి. మేం అలాగే వెళ్లాం. ముందు చోడి చేలు, తర్వాత గుండ్రాళ్ల దారి. ‘ఆ రాయి మీద అడుగెయ్యకండి సార్, కదుల్తాది’ అని అతను అన్న రాయి నాకు మిగతా రాళ్లలాగే కనిపించింది. కాలితో తాకి చూపించాడు, కదిలింది. ఏ చెట్టు బెరడు దెబ్బకు కడతారో, ఏ వాగు మధ్యాహ్నం వానకు పొంగుతుందో దారిపొడుగునా చెబుతూనే ఉన్నాడు. శిక్షణ పత్రం ఉన్న ఏ గైడుకూ ఇది వారం రోజుల్లో నేర్పలేరు.

జలపాతం దగ్గర బొంగు చికెన్ కాలుస్తున్నారు. పచ్చి వెదురు గొట్టంలో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, మూతికి ఆకులు దట్టించి నిప్పుల మీద దొర్లిస్తారు. నూనె చుక్క పడదు. బొంగు నల్లగా మాడాక కత్తితో చీలిస్తే ముందు ఆవిరి, ఆ వెనకే ముక్కలు అడ్డాకు విస్తట్లోకి జారతాయి. తిన్నాక విస్తరి మన్నులో కలిసిపోతుంది. కలవనివి మనం తెచ్చినవి. ‘వానాకాలం సీసాలన్నీ కొట్టుకుపోతాయి సార్, కనపడవు. ఎండాకాలం రాళ్ల మధ్య బయటపడతాయి’ అన్నాడు మా కుర్రాడు. కొట్టుకుపోయి ఎక్కడికి చేరతాయి? దిగువన తాటిపూడి ఉంది కదా.

ఈ ఏటికి మంచు లేదు. వాన ఆగిపోయిన నెలల్లోనూ పారుతోందంటే ఎగువన ఎవరో దాచిపెట్టి వదులుతున్నట్టే. ఆ పని చేసేది కొండలే. గాలికొండ, రక్తకొండ వంటి ఈ అనంతగిరి శిఖరాల నెత్తిన బాక్సైట్ పొర ఉంది. గుల్లగా ఉండే ఆ పొర, దాని మీది అడవి కలిసి వాననీటిని పీల్చుకుని ఊటలుగా మెల్లమెల్లగా విడుస్తాయి. హిమాలయాల్లో హిమానీనదం చేసే ఉద్యోగం ఇక్కడ ఇవి చేస్తున్నాయి. అక్కడ ఎండలు ముదిరి మంచు కరిగి పోతోంది, దాన్ని ఆపడం ఒక్క ఊరివల్ల కాదు. ఇక్కడ కొండ నెత్తి చెక్కితే తప్ప ఊటకు ఢోకా లేదు, అది మాత్రం మన చేతిలోదే.

గంగోత్రి నుంచి గోముఖ్‌కు 18 కిలోమీటర్ల నడక. అనుమతి కాగితం లేనిదే వదలరు. రోజుకు 150 మందిని మించి పంపరు. కష్టమనిపించినా ఎవరూ కాదనరు, వరసలో నిలబడి కాగితం తీసుకుంటారు. అక్కడ అంత మర్యాదగా నడిచే మనవాళ్లే ఇక్కడ పాటలపెట్టెతో జీపెక్కి వస్తారు. పర్యావరణహిత పర్యాటకం అని రిసార్టు గేటు మీద రాసుకుంటే సరిపోదు. గిరిజనుల పేరు ముందు పెట్టి వెనక ఇంకెవరో కట్టించే రిసార్టుల మాట ఏజెన్సీలో పాత ఫిర్యాదే.

వానల్లో రాళ్లు జారతాయి. నడకకు అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. పొద్దున్నే రైలెక్కి బొర్రా గుహలు స్టేషన్‌లో దిగండి. ఊరివాళ్లనే తోడు పిలవండి, అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి, పట్టుకెళ్లిన సీసా పట్టుకురండి. ఇక పర్యాటక, అటవీ శాఖలకూ పాడేరు ఐటీడీఏకూ ఒక మనవి. గోముఖ్‌కు ఉన్నట్టే కటికికీ రోజుకు ఇంతమందే అని పరిమితి కావాలి. ఎంతమందో తేల్చే అధికారం, వసూలయ్యే రుసుము రెండూ అక్కడి గ్రామసభకే దక్కాలి. షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభలకు అధికారమిచ్చిన 1996 పెసా చట్టం చెప్పిన దారీ అదే.